డ్యూరాండ్ కప్పు తెచ్చిన డ్రిల్లు మాస్టారు రహీం సాహెబ్

బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రం వారిని మైదానానికి తోలుకెళ్లి కసరత్తు చేయించే మాస్టారు ఒకరు దేశంలోకెల్లా పేరుమోసిన ఫుట్‌బాల్ కప్పును హైదరాబాద్‌కు తెప్పించారంటే ఈనాటి కుర్రకారుకు నమ్మశక్యం కాకపోవచ్చు. 1950వ సంవత్సరపు డ్యూరాండ్ పోటీలలో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు విజేతగా నిలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. దేశమంతా ఆయనను రహీం సాహెబ్ అని పిలిచేది.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని పట్టభద్రులయ్యారు. చదువుకునే రోజుల్లోనే విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. తరువాత నగరంలో మంచి పేరున్న కమర్ క్లబ్బు తరఫున స్థానిక లీగులో ఆడారు. బతుకుతెరువుకు మాత్రం ఉపాధ్యాయ వృత్తినే నమ్ముకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన చోట్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. అది మొదలు బడిలో ఆటల బాధ్యత ఆయనదే అయింది.

ఈ వ్యాయామ విద్య సంగతి చిన్నదిగా కనిపించినా ఆయన జీవితానికి మూలమని చెప్పక తప్పదు. ఆ రోజుల్లో మన దేశంలో ఆటగాడంటే పుట్టుకతో వచ్చిన నేర్పు అనుకునేవారు. బంతి కాలికి అతుక్కుని తిరిగేవాడే గొప్పవాడు. నలుగురిని తప్పించుకుని వెళ్లి అయిదోవాడి దగ్గర బంతి పోగొట్టుకున్నా జనం ఈలలు వేసేవారు. ఆటను కూడా లెక్కల పాఠం మాదిరి ముక్కముక్కలుగా విడదీసి నేర్పవచ్చునన్న ఆలోచన మాస్టారిగిరీ చేసిన మనిషికే వచ్చింది.

రహీం సాహెబ్ 1943 నాటికే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆ పదవిని అలంకారంగా పెట్టుకోలేదు. నగరంలో వింత వింత పోటీలు పెట్టించారు. వాటిలో ఒకటి డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతి కాలికి అందగానే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. దానిని తిప్పుకుంటూ పోవడం నిషేధం. బంతిని దాచుకోవడానికి అలవాటుపడిన కుర్రవాళ్లకు మొదట ఇది శిక్షలాగే తోచి ఉంటుంది. బంతి రాకముందే తలెత్తి, తనవాడు ఎక్కడున్నాడో చూసుకుని సిద్ధంగా ఉంటే తప్ప ఈ ఆటలో గట్టెక్కడం సాధ్యం కాదు. అందుకే ఆ పోటీలలో నలిగిన కుర్రవాడు పెద్ద ఆటకు వచ్చేసరికి ఒక్క తాకుడుతో బంతి అందించి, ఖాళీ జాగాలోకి పరుగెత్తి, మళ్లీ అందుకునేవాడు. ఎదుటి జట్టువాళ్లు బంతి వెంట తిరిగి తిరిగి అలిసిపోయేవారు.

మరో పోటీలో బలం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తన్నాలి, ఎడమ వాటం వాడు కుడి కాలితో. మన పల్లెల్లో ఎడమచేత్తో అన్నం తింటుంటే పెద్దలు మందలించినట్లు, మైదానంలో అలవాటైన కాలు వాడితే ఊదిన ఈల మీద ఈల. కొన్నాళ్లకు ఆటగాడికి ఏ కాలు బలమైనదో ఎదుటివాడు పోల్చుకోలేని పరిస్థితి వచ్చింది. జట్టుకు అయిదుగురు చొప్పున చిన్న మైదానంలో ఆడే పోటీలు కూడా జరిగేవి. వీటికి పెద్ద ఖర్చు లేదు. బంతి, ఈల, ఓపిక గల మాస్టారు ఉంటే చాలు. ఇవన్నీ ఏడెనిమిది దశాబ్దాల కిందటి ముచ్చట్లు. ఈనాడు పెద్ద పెద్ద శిక్షణ కేంద్రాలలో జరిగే కసరత్తులకూ వీటికీ పోలిక ఉండటం గమనార్హం.

ఓడితే ఇంటికే

డ్యూరాండ్ పోటీల గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శిగా పనిచేసిన మోర్టిమర్ డ్యూరాండ్ పేరిట 1888లో సిమ్లాలో ఇవి మొదలయ్యాయి. మొదట తెల్లసైనికుల పటాలాలే ఆడేవి. 1940లో పోటీలు ఢిల్లీకి మారాయి. ఆ ఏడాదే కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు గెలిచి, ఈ కప్పు గెలుచుకున్న తొలి భారతీయ జట్టు అయింది. అప్పటికే యుద్ధం సాగుతోంది. తరువాత దేశ విభజన కల్లోలం. 1941 నుంచి 1949 దాకా పోటీలు జరగనే లేదు. తిరిగి జరిగింది 1950లో. అంటే స్వతంత్ర భారతంలో అదే మొదటి డ్యూరాండ్ అన్నమాట.

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు కూడా ఇటువంటిదే. అదీ 1891 నాటిది. దానిని 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచేదాకా గోరా పటాలాలదే పెత్తనం.

ఈ రెండూ నాకౌట్ పద్ధతిలో జరిగేవి. లీగు అయితే ఒకరోజు ఓడినా మరుసటి వారం సర్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ వెసులుబాటు ఉండదు. ఓడిన జట్టు ఆ రాత్రి రైలుకే మూటాముల్లె సర్దుకోవలసిందే. ఆట సమానంగా ముగిస్తే మర్నాడో మూడోనాడో మళ్లీ మొదటినుంచి ఆడాలి. ఇప్పటి మాదిరి పెనాల్టీ కిక్కులతో తేల్చివేసే పద్ధతి 1970 దాకా లేదు. ఆట మధ్యలో దెబ్బ తగిలినవాణ్ని తప్పించి మరొకరిని దింపే ఏర్పాటూ లేదు. కాబట్టి ఇటువంటి పోటీలలో గెలవాలంటే కాలి నేర్పు ఒక్కటీ చాలదు. దమ్ము కావాలి. ఒకరి ఆట మరొకరికి తెలిసి ఉండాలి.

1950లో రహీం సాహెబ్ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. ఆయనకు అప్పటికి నలభై ఏళ్లు. పోలీసు శాఖలో చిన్నచిన్న ఉద్యోగాలలో ఉన్న కుర్రవాళ్లు, సికింద్రాబాద్ కంటోన్మెంటు మైదానాలలో సైనికుల ఆట చూసి పెరిగినవాళ్లు, పాతబస్తీ గల్లీల నుంచి వచ్చినవాళ్లు ఆ జట్టుకు దన్ను. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జమాల్, మొయిన్, లాయిక్, ఆంథొనీ పాట్రిక్, నార్బర్ట్, సూసై వంటి పేర్లు ఆ కాలపు క్రీడాభిమానుల నాలుకలపై ఆడేవి. ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు, ఉర్దూ, తెలుగు, తమిళం మాట్లాడేవారు ఒక్క చొక్కా తొడుక్కుని ఆడారు.

కాలం ఎటువంటిదో కూడా గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిసింది. ఆ గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఎందరో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నారు. కొన్ని కుటుంబాలు సరిహద్దు దాటి వెళ్లిపోయాయి. హైదరాబాద్ పేరు చెబితే దేశంలో మిగతాచోట్ల జనం అనుమానంగా చూసిన రోజులవి. అది జరిగిన రెండేళ్లకే ఆ నగరపు పోలీసు జట్టు బొంబాయికీ, ఢిల్లీకీ వెళ్లింది. ఉత్తరువుతోనో ఉపన్యాసంతోనో రాని గౌరవాన్ని బంతితో సంపాదించుకుని వచ్చింది.

ఆ ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పు ముందు చేజిక్కింది. ఆ తరువాత డ్యూరాండ్. ఫైనల్‌లో ఎదురుపడినది మోహన్ బగాన్. 1911లో బూట్లు లేని కాళ్లతో తెల్లవాళ్ల పటాలం జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన చరిత్ర ఆ క్లబ్బుది. బెంగాలులో దానికున్న పేరు చెప్పనలవి కాదు. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనీ, కలకత్తా అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనీ లెక్క. దక్షిణాది పోలీసు జట్టు ఒకటి వచ్చి వారికి అడ్డుపడుతుందని ఎవరూ అనుకోలేదు.

ఫైనల్ మొదటి రోజు తేలలేదు. రెండు జట్లూ సమానంగా నిలిచాయి. మళ్లీ ఆడవలసి వచ్చింది. రెండోసారి హైదరాబాద్ ఒక్క గోలు తేడాతో గెలిచింది. 1 - 0. అంతే. అంకె చిన్నదే గాని, ఆ ఒక్క గోలుతో స్వతంత్ర భారతంలోని మొదటి డ్యూరాండ్ కప్పు హైదరాబాద్ పేర చెక్కబడింది.

అదే 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పు పోటీలకు భారత జట్టుకు అవకాశం వచ్చింది. జట్టు వెళ్లలేదు. దానికి కారణాలు ఇవీ అవీ అని ఈనాటికీ వాదనలు సాగుతూనే ఉన్నాయి. పోగొట్టుకున్న అవకాశం మాత్రం తిరిగి రాలేదు.

వరసగా అయిదు

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. హైదరాబాద్ పోలీసులు రచ్చలోనే గెలుస్తూ పోయారు. 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు వారిదే అయింది. 1955లో మోహన్ బగాన్ ఆ వరసకు అడ్డుకట్ట వేసింది. 1957లో మళ్లీ హైదరాబాదే గెలిచింది. డ్యూరాండ్‌లో 1952 ఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓటమి తప్పలేదు. 1954లో కప్పు తిరిగి వచ్చింది. 1956 ఫైనల్‌లో అదే ఈస్ట్ బెంగాల్ మళ్లీ ఓడించింది. 1957 ఫైనల్‌లో మూడోసారి అదే జట్టు ఎదురుకాగా హైదరాబాద్ 2 - 1 గోళ్లతో బాకీ తీర్చుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్ రాష్ట్ర జట్టే గెలిచింది.

గెలుపుతోబాటే ఒక చిక్కు కూడా వచ్చి పడింది. హైదరాబాద్‌లో తయారైన ఆటగాడి మీద కలకత్తా క్లబ్బుల కన్ను పడేది. అక్కడ డబ్బు ఎక్కువ, పేరు ఎక్కువ, లక్షల జనం ఆట చూస్తారు. పోలీసు జీతం మీద బతికే కుర్రవాడు ఎంతకాలం వద్దనగలడు? అహ్మద్ హుసేన్, సలాం, బలరాం వంటి మేటి ఆటగాళ్లు ఒకరి తరువాత ఒకరు కలకత్తా రైలెక్కారు. రహీం సాహెబ్ మళ్లీ బడి మైదానాలకు పోయి కొత్తవాళ్లను వెతుక్కునేవారు. చెట్టు పెంచినవారు ఒకరు, కాయ కోసుకున్నవారు ఇంకొకరు అని నగరంలో కొందరు విసుక్కున్నారు. అయితే అలా వెళ్లినవారే తరువాత భారత జట్టులో ఆయన కింద ఆడారు కాబట్టి కష్టం పూర్తిగా వృథా కాలేదనుకోవాలి.

తులసీదాస్ బలరాం సంగతి ఇక్కడ చెప్పుకోదగినది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. అతని ఆట రహీం సాహెబ్ కంటపడింది. సంతోష్ ట్రోఫీకి శిక్షణ శిబిరానికి రమ్మన్నారు. రోజూ హైదరాబాద్ దాకా రావడానికి తన దగ్గర డబ్బులు లేవని కుర్రవాడు చెప్పుకున్నాడు. అద్దె సైకిలుకని రోజుకు ఒక రూపాయి తానే ఇచ్చే ఏర్పాటు చేశారు మాస్టారు. ఆ రూపాయి సైకిలు మీద వచ్చిన కుర్రవాడు ఇరవై ఏళ్లకే మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్లు కొట్టాడు. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

పది గోళ్ల పాఠం

1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో భారత జట్టుకు రహీం సాహెబే కోచ్. శైలేన్ మన్నా నాయకుడు. ఇండోనేషియాను, అఫ్ఘానిస్థాన్‌ను మూడేసి గోళ్లతో ఓడించి, ఫైనల్‌లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన గోలుతో బంగారు పతకం గెలిచింది.

ఇల్లలకగానే పండగ కాదని మరుసటి ఏడాదే తెలిసింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10 - 1 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. చలిదేశంలో తడినేల మీద బూట్లు లేని కాలు నిలవలేదు. మన దేశంలో తొంభై నిమిషాలకంటే తక్కువసేపు ఆడే అలవాటు కూడా దెబ్బతీసింది. వార్త రాగానే దేశమంతా తలవంచుకుంది. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అని జాతీయ సమాఖ్య నిర్ణయించింది.

రహీం సాహెబ్ ఆ పరాభవాన్ని తల మీద వేసుకుని మూలన కూర్చోలేదు. ఆ పోటీలలో బంగారు పతకం గెలిచిన హంగరీ ఆటను కళ్లు విప్పుకుని చూశారు. మామూలుగా సెంటర్ ఫార్వర్డు అనేవాడు ఎదుటి గోలు ముందే కాచుకుని ఉంటాడు. అతన్ని కాపలా కాయడానికి ఒక బ్యాకు ఉంటాడు. హంగరీవాళ్లు ఆ సెంటర్ ఫార్వర్డును వెనక్కి, మైదానం మధ్యకు లాగారు. కాపలా మనిషికి దిక్కు తోచదు. అతని వెంట వెళితే గోలు ముందు జాగా ఖాళీ అవుతుంది. వెళ్లకపోతే అతను తీరిగ్గా బంతి పంచుతాడు. ఈ కిటుకును రహీం సాహెబ్ భారత జట్టుకు నేర్పారు.

ఫలితం 1956లో మెల్బోర్న్‌లో కనిపించింది. హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ అవతరించి అప్పటికి నెల రోజులు. తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సలాం, అహ్మద్ హుసేన్, జుల్ఫికర్, బలరాం - ఇంతమంది హైదరాబాద్‌లో ఆట నేర్చినవారు ఆ జట్టులో ఉండటం విశేషం. హంగరీ జట్టు రాకపోవడంతో మొదటి ఆట వాకోవర్. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4 - 2 గోళ్లతో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు అతడే. సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. నాలుగేళ్ల కింద పది గోళ్లు కొట్టిన జట్టు మీద ఈసారి మొదటి గోలు భారత్‌దే. చివరకు 4 - 1 తేడాతో ఓడినా, కంచు పతకం ఆటలో బల్గేరియా చేతిలో 3 - 0తో ఓడినా, నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్స్‌లో అంతకుమించిన స్థానం భారత ఫుట్‌బాల్ జట్టుకు ఇంతవరకు రాలేదు.

1960 రోమ్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూలతో ఒకే గుంపులో పడ్డారు. ఫ్రాన్స్‌తో 1 - 1తో సమంగా నిలిచారు. మిగతా రెండూ ఓడారు. ఆ జట్టులో రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. ఒలింపిక్స్ దాకా తండ్రితో వెళ్లిన ఆ కొడుకుకు ఒక్క ఆటలోనూ దిగే అవకాశం రాలేదు. తండ్రి కోచ్ అయితే కొడుకుకు చోటు ఖాయమని అనుకునే మన కాలానికి ఇది కొంత వింతగానే ఉంటుంది. హకీం తరువాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా, అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021 ఆగస్టులో మరణించారు.

జకార్తా

1962 నాటికి రహీం సాహెబ్ శరీరంలో క్యాన్సర్ పాకింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆ స్థితిలోనే జట్టుతో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లారు. చూనీ గోస్వామి నాయకుడు. హైదరాబాద్ వైపు నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ ఉన్నారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2 - 0తో ఓటమి. తరువాత థాయిలాండ్‌ను 4 - 1తో ఓడించారు గాని, ఆ ఆటలో జర్నైల్ సింగ్ తలకు బలమైన దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రక్షణకు వెన్నెముక వంటి మనిషి. అతను లేకుండానే జపాన్‌ను 2 - 0తో ఓడించి సెమీఫైనల్‌కు చేరారు.

అక్కడ రహీం సాహెబ్ చేసిన పని చెప్పుకోవాలి. తలకు కుట్లున్న బ్యాకును మామూలు చోట పెడితే గాలిలో వచ్చే ప్రతి బంతికీ తలతో ఎదురెళ్లాలి. కుట్లు విప్పుకుంటాయి. కూర్చోబెడితే జట్టు బలం సగం పోతుంది. జర్నైల్ చదువుకునే రోజుల్లో ఫార్వర్డుగా ఆడినవాడన్న సంగతి మాస్టారు మరిచిపోలేదు. అతన్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డు చేశారు. కట్టు కట్టుకున్న తలతో వచ్చే ఆరడుగుల సర్దార్జీని చూసి ఎదుటి బ్యాకులు బెదిరిపోయారు. దక్షిణ వియత్నాంపై 3 - 2 గెలుపులో జర్నైల్ ఒక గోలు కొట్టాడు. మిగతా రెండూ చూనీవి.

ఫైనల్ ముందు పరిస్థితి ఆటకు సంబంధించినది కాదు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి సోంధీ తప్పుపట్టారు. దానితో జకార్తాలో భారత్ మీద జనాగ్రహం పెల్లుబికింది. బయట మన జెండా కనిపిస్తే రాళ్లు పడతాయన్న భయం. ఆటగాళ్లు బిక్కుబిక్కుమంటూ గడిపారు. ఫైనల్ ముందు రాత్రి నిద్రపట్టక తిరుగుతున్న కుర్రవాళ్లకు మాస్టారు ధైర్యం చెప్పారనీ, తనకు కానుకగా మర్నాడు బంగారం ఇమ్మని మాత్రం అడిగారనీ ఆ జట్టులో ఆడినవారు తరువాత ఏళ్లతరబడి చెప్పుకొన్నారు. తమ గురువుకు ఎంత జబ్బుగా ఉందో అప్పటికి వారిలో చాలామందికి పూర్తిగా తెలియదు.

1962 సెప్టెంబరు 4. లక్ష మంది పట్టే సెనయాన్ స్టేడియం. మన జాతీయగీతం వినపడకుండా జనం అరిచారు. ఆ సముద్రంలో భారత్ కోసం చప్పట్లు కొట్టినవారు బహుకొద్ది మంది. వారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. జ్వరంతో పడుకుని లేచిన తంగరాజ్ గోలు కాశాడు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. ఇరవయ్యో నిమిషంలో తలకు కట్టుతోనే జర్నైల్ రెండోది కొట్టాడు. కొరియా అయిదు నిమిషాలు మిగిలి ఉండగా ఒకటి తీర్చుకుంది. మిగతా అయిదు నిమిషాలూ మనవాళ్లు ప్రాణాలు ఉగ్గబట్టి నిలిచారు. 2 - 1. మొదటి రోజు ఓడించిన జట్టునే ఆఖరి రోజు ఓడించి బంగారు పతకం గెలిచారు. మాస్టారు అడిగిన కానుక ముట్టింది. ఆయన కళ్ల వెంట నీళ్లు ఆగలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత బంగారు పతకం రాలేదు. 1970లో కంచు పతకం వచ్చింది. అదే చివరిది.

హైదరాబాద్ తిరిగి వచ్చిన తరువాత రహీం సాహెబ్ మంచం పట్టారు. జకార్తా ఆట ముగిసి తొమ్మిది నెలలు గడిచాక, 1963 జూన్ 11న కన్నుమూశారు. వయస్సు యాభై మూడు. చనిపోయేనాటికీ ఆయన పోలీసు జట్టు కోచే, ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శే. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఏర్పడలేదు. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్లు. ఆయన జీవితం ఆధారంగా హిందీలో మైదాన్ అనే సినిమా 2024లో వచ్చింది. అజయ్ దేవగన్ ఆయన పాత్ర ధరించారు. నగరంలోని ఈ తరం పిల్లలలో చాలామంది రహీం సాహెబ్ పేరు విన్నది ఆ సినిమా పుణ్యమానే. ఆయన కాలంలో బొంబాయిని ఊపివేసిన రోవర్స్ కప్పు ఈ శతాబ్ది మొదట్లోనే ఆగిపోయింది. డ్యూరాండ్ మాత్రం నడుస్తోంది.

డ్యూరాండ్ కప్పును ఆయన శిష్యులు చివరిసారి ఆయన కళ్లెదుట గెలిచినది 1961లో. రాష్ట్రావతరణ తరువాత పేరు మారి ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అయింది. ఆ ఏడాది ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను 1 - 0తో ఓడించింది. 1962లో చైనా యుద్ధం వల్ల పోటీలు జరగలేదు. మళ్లీ జరిగినది 1963లో, రహీం సాహెబ్ పోయిన ఏడాదే. ఆయన జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఎదురుగా 1950 నాటి అదే మోహన్ బగాన్. ఈసారి 2 - 0 గోళ్లతో మోహన్ బగాన్ గెలిచి కప్పును కలకత్తాకు తీసుకుపోయింది.